ఖాళీలు ముందు

మే 25

మే 18న ఓదెలు పొద్దున 8:12కి లోపలికి వచ్చాడని మీరు రాశారు. ఓదెలు రాలేదు. హాజరు మస్టర్‌లో అతని గడి ఖాళీగా ఉంటే మీరు నింపారు. ఆ నింపిన అంకెనే సాక్ష్యంగా చూపించి తలుపు కాసే పోశాలు కాకను గని నుంచి వెళ్లగొడుతున్నారు.

సమాఖ్య డేటా విభాగం వాళ్లూ, విచారణ కమిటీ వాళ్లూ ఇద్దరూ చదవాలి. కింద ఉన్నది నాలుగో గని మస్టర్ గదిలో నేను రాసుకుంటున్న రోజువారీ పుస్తకం. ఈ సంగతికి సంబంధించిన రోజులు మాత్రమే ఎత్తి రాశాను. మాటలు దిద్దలేదు. మీ రిపోర్టును పదకొండు గనుల్లోనూ గోడలకు అంటించారు కాబట్టి దీన్నీ పదకొండు గనులకు పంపుతున్నాను.

నా పేరు స్వరూప. వయసు ఇరవై నాలుగు. మీ ఫారంలో చదువు అని ఉన్నచోట రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఏప్రిల్ 28

కేంద్రం నుంచి కొత్త డేటాబేస్ వచ్చింది. మే 6 నుంచి పదకొండు గనుల మస్టర్లూ దాంట్లోనే ఉండాలట. పాతదాన్ని ఆపేయాలి. ఎందుకని అడిగితే, అన్నీ ఒకేచోట కనిపించడానికి అన్నారు. ఎవరికి కనిపించడానికో చెప్పలేదు.

దాంతోపాటు ఒక పట్టిక పంపారు. ఎడమవైపు పాత కమాండ్, కుడివైపు దానికి సమానమైన కొత్త కమాండ్. 212 వరసలు. ప్రింటు తీసి గోడ నిండా అంటించాను. మూడో మట్టం గ్యాలరీ చివర ఈ గదికి మనుషులు రారు. గోడ చూసేది నేనొక్కదాన్నే. ఫ్యాను మోత తప్ప వినిపించేది లేదు.

నాకు ఎవరూ నేర్పలేదు. ఎండలకు మనుషులం గనుల్లోకి దిగి బతుకుతున్నా కరెంటు పైనుంచే రావాలి. రెండేళ్ల కిందటి దాకా నేనూ పైకి వెళ్లి సౌర పలకలు తుడిచేదాన్ని. పాత కరెంటు ప్లాంటు బూడిద గుట్టలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి, రోజూ తుడవకపోతే పదకొండు గనులకూ ఫ్యాన్లు తిరగవు. ఆ బూడిద నా ఊపిరితిత్తుల్లో కూర్చుంది. డాక్టరమ్మ కిందే ఉండమంది. ఈ గదిలో కుర్చీ ఒకటి ఖాళీ ఉంటే పంపారు. మిషన్‌లో ఉన్న సహాయం పేజీలు చదివి నేర్చుకున్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా కమాండ్లలోదే.

8:25కి ఓదెలు ఫోన్ చేశాడు. తలుపు దగ్గర గోడ ఫోన్ ఉంటుంది. బూడిద కడుక్కుని చేస్తాడు, రోజూ.

"ఏమే సరూపా, బతికే ఉన్నవా?"

"ఉన్న. కొత్తది వచ్చింది. అన్నీ మళ్ల నేర్చుకోవాలె."

"నేర్చుకో. పెండ్లిగాని పిల్లవు, ఇంకేం పనుంది నీకు?"

నేను పైకి వెళ్లినన్నాళ్లూ ఓదెలు, నేను జోడీ. పలకలు ఇద్దరిద్దరుగా తుడవాలని రూలు. నేను కిందికి వచ్చాక అతనికి జోడీ ఇవ్వలేదు. రెండేళ్లుగా ఒక్కడే తుడుస్తున్నాడు.

ఏప్రిల్ 30

టేబుళ్లన్నీ చూపించమని పాతదాన్ని అడగాలంటే 'షో టేబుల్స్' అంటే చాలు. మనిషితో మాట్లాడినట్టు ఉండేది. కొత్తదాంట్లో వెనక్కి వాలిన గీత ఒకటి, డి, టి. అంతే. ఎవడో కోపంలో పెట్టినట్టుంది.

పేర్లు చిన్నక్షరాల్లో రాసినా పెద్దక్షరాల్లో రాసినా పాతది ఒకటే అనుకునేది. కొత్తదానికి ఆ రెండూ ఇద్దరు మనుషులు. పొద్దంతా ఓదెలును వెతికితే లేడంది. పెద్దక్షరాలతో అడిగితే ఉన్నాడంది.

సాయంత్రానికి ఇంకో తంటా. కొత్త మనిషిని ఎక్కిస్తుంటే 'ఒకటో నంబరు ఇదివరకే ఉంది' అని అడ్డం తిరిగింది. నంబర్లు ఇచ్చే లెక్క టేబుల్లో ఉండదట, విడిగా ఉంటుందట. నేను టేబుల్ నింపిన సంగతి ఆ లెక్కకు తెలియదు. అది ఒకటి దగ్గరే నిలబడి ఉంది. చేతితో ముందుకు జరిపాను. పట్టికలో ఇది లేదు. నేనే కనుక్కున్నాను. చెప్పుకోవడానికి ఎవరూ లేక 212 వరసల కింద పెన్సిల్‌తో 213 అని రాసుకున్నాను.

మే 3

ఇవాళ రెండు గొడవలు. రెండింట్లోనూ రాజవ్వ ఉంది. మా పలకలవాళ్లలో అందరికంటే పెద్దావిడ. అరవై మూడేళ్లు, ఇంకా పైకి వెళ్తుంది.

మొదటిది ఆమె పుట్టిన తేదీ. పాతదాంట్లో ఫిబ్రవరి 30 అని ఉంది. పాతది ఇన్నాళ్లూ నోరెత్తలేదు. కొత్తది ఒప్పుకోనంది. ఆమెను పిలిపించాను.

"అవ్వా, ఫిబ్రవరిల ముప్పై ఉండదు."

"ఎందుకుండదు? నేను పుట్టిన. మా నాయన పోయి రాయించిండు. నీ మిషను మా నాయన కన్న ముందుగాల పుట్టిందా?"

చివరికి మార్చి ఒకటికి ఒప్పుకుంది. ఒక రోజు చిన్నదయ్యానని అందరికీ చెప్పుకుంటుందట.

రెండోది నవ్వులాట కాదు. కేంద్రంలో మా గని సంగతి చూసే నిరంజన్ గారు ఫోన్ చేశారు. మెత్తగా మాట్లాడతారు.

"స్వరూప గారూ, మీ మస్టర్‌లో తిరిగొచ్చిన టైము గడులు రోజంతా ఖాళీగా ఉంటున్నాయండి. కొత్త పద్ధతిలో ఖాళీలు ఉంచకపోవడం మంచిది. మనిషి బయటికి వెళ్లగానే 00:00 అని పెట్టేయండి. వచ్చాక అసలు టైము దాని మీద పడుతుంది."

గది ఇంకా దాటని రాజవ్వ విన్నది. వెనక్కి వచ్చి ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

"ఏం పెట్టుమంటున్నవ్ బిడ్డా? మనిషి రాకముందే వచ్చినట్టు రాయాల్నా? కంపెనీ కాలంల గనిల నీళ్లు పడ్డప్పుడు పద్నాలుగు మంది లోపలనే ఉన్నరు. మస్టర్ల అందరూ ఎక్కి వచ్చిన్రని రాసిన్రు. మా తాత అండ్ల ఒకడు. ఇంటికి రాలే, మస్టర్ల వచ్చిండు. మా దగ్గర బయట ఉన్నోళ్ల గడిల చుక్క గూడ పెట్టం. తెలిసిందా?"

ఇది మా గనిలో అందరికీ ఉన్న పట్టింపు. సున్నా పెట్టం, గీత పెట్టం. మనిషి వచ్చి బొటనవేలు ఆనించేదాకా ఆ గడి అతనిది. నేనూ రాజవ్వ పక్కనే నిలబడ్డాను. ఖాళీ ఖాళీగానే ఉండాలి, లేకపోతే మార్పు పనే చేయనని చెప్పాను. నిరంజన్ గారు ఒప్పుకున్నారు. 'స్థానిక అభ్యంతరం' అని ఎక్కడో రాసుకున్నారు.

మే 5

మస్టర్‌ను చూపించే తెర, బోర్డును పరీక్షించాను. రేపటి నుంచి కొత్తదే.

బోర్డు తలుపు దగ్గర ఉంటుంది. ఒకసారికి ఇరవై నాలుగు వరసలు పడతాయి. పోశాలు కాక తలుపు మనిషి. పొద్దున నాలుగున్నరకు తీస్తాడు, 8:15కి వేస్తాడు. ఆ తర్వాత ఎండ మనుషులది కాదు. ఒంటి మీద చల్ల బనియన్లలోని మంచు కూడా నాలుగు గంటలకు మించి ఉండదు. ఎనిమిది అవుతుంటే అందరూ ఒక్కసారే వచ్చి పడతారు. కాక పైపు పట్టుకుని ఒక్కొక్కరి మీది బూడిద కడిగి లోపలికి తోస్తాడు. వెనక్కి తిరిగే తీరిక ఉండదు. చివర్లో ఒక్కసారి తిరిగి బోర్డు పై వరస చూస్తాడు. పై వరసలో గడి ఖాళీగా ఉంటే ఎవరో బయట ఉన్నట్టు. సైరన్ ఊది ఆగుతాడు. నిండి ఉంటే అందరూ వచ్చేసినట్టు. తలుపు వేస్తాడు. పంతొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. కాకకు చదువు రాదు. ఖాళీ చదవడం వచ్చు.

పరీక్షకు పది పేర్లు ఎక్కించాను. ముగ్గురి గడులు ఖాళీగా వదిలాను. బోర్డు మీద మూడు ఖాళీలూ కనిపించాయి. సున్నాలు పడలేదు. గెలిచాననుకున్నాను.

మే 6

మార్పు అయిపోయింది. మార్పుతో పాటు నా అనుమతులు కూడా పోయాయి. ఇక మీదట నేను చూడొచ్చు, ముట్టుకోకూడదు. బోర్డు కమాండ్‌లో కామా మార్చాలన్నా కేంద్రానికి పత్రం పెట్టాలి.

నిన్నటిదాకా ఈ గది నాది. ఇవాళ కాపలాదాన్ని.

మే 12

వారం నుంచి అంతా సాఫీగా ఉంది. అందరూ ఎనిమిదికల్లా వచ్చేస్తున్నారు. నాకు చేసే పని సగం తగ్గింది. గోడ మీది పట్టిక ఊరికే చదువుతున్నాను. ఒకప్పుడు ఓదెలుతో తొమ్మిదో వరస పలకల నీడలో కూర్చుని నీళ్లు తాగేవాళ్లం. అప్పుడు మాటల మధ్య చాలాసేపు ఊరుకునేవాళ్లం, ఇబ్బంది ఉండేది కాదు. ఇక్కడ ఊరుకోవడం వేరే. ఎదురుగా ఎవరూ లేని ఊరుకోవడం.

మే 17

ఓదెలుతో పోట్లాట.

"నా జోడీ సంగతి ఏమైందే? మస్టర్ నీ చేతుల ఉంది గదా, పేరు కలుపమంటి."

"నా చేతుల ఏం లేదిప్పుడు. పత్రం పెట్టాలె. పెడతా అన్న గదా."

"నెల నుంచి అంటున్నవ్. నీకు మిషనే మొగుడైంది. పైన ఎవడు ఎట్ల పోయినా నీకేంది?"

"పోరా, ఎక్కువ మాట్లాడకు," అని పెట్టేశాను.

పత్రం పెట్టలేదు. రేపు పెట్టొచ్చులే అనుకున్నాను. ఇది కూడా దిద్దకుండా ఎత్తి రాస్తున్నాను.

మే 18

8:25కి ఫోన్ రాలేదు. కోపం మీద ఉన్నాడనుకున్నాను. తొమ్మిదికీ రాలేదు. నేనే తగ్గి ఎందుకు చేయాలి అనుకున్నాను. పదకొండుకు అన్నం తిన్నాను.

రెండింటికి పని లేక మస్టర్ పూర్తిగా తెరిచి కిందిదాకా జరిపాను. నలభై ఆరు వరసలు. నలభై ఐదు నిండి ఉన్నాయి. నలభై ఆరోది ఓదెలు. ఖాళీ.

తలుపు దగ్గరికి ఫోన్ చేశాను.

"కాకా, ఓదెలు లోపల ఉన్నడా?"

"అందరూ వచ్చిన్రు బిడ్డా. పై వరస నిండింది, చూసినంక వేసిన."

"పై వరస కాదు కాకా. కింద. అడుగున ఉన్నది ఖాళీ."

కాక వదిలేసిన ఫోన్ వేలాడుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత తలుపు మోటారు చప్పుడు. బయట యాభై తొమ్మిది డిగ్రీలు. మంచు బనియన్లు అన్నీ కరిగి ఉన్నాయి. కాక తడి గోనెసంచి కప్పుకుని ఒక్కడే వెళ్లాడు. ఇరవై ఐదు నిమిషాలు తలుపు తెరిచే ఉంది. నేను మూడు మట్టాలు ఎక్కి వెళ్లేసరికి ఓదెలును భుజం మీద వేసుకుని వచ్చాడు. కాక అరచేతుల తోలు ఇనుప స్టాండుకే అంటుకుపోయింది.

తొమ్మిదో వరసలో స్టాండు బోల్టు ఊడి పలక కాలి మీద పడిందట. ఇద్దరుంటే ఎత్తొచ్చు. ఒక్కడికి లేవదు.

డాక్టరమ్మ చూసింది. పదకొండు దాకా బతికే ఉండి ఉంటాడు అంది. నేను అన్నం తినే వేళ అది.

మే 19

కనుక్కున్నాను.

బోర్డుకు ఇచ్చిన కమాండ్ ఒకటే వాక్యం: తిరిగొచ్చిన టైము ప్రకారం వరసగా చూపించు. పాతదాంట్లో ఏ మాటలో కొత్తదాంట్లోనూ అవే మాటలు. పట్టికలో 41వ వరస, రెండువైపులా ఒక్క అక్షరం తేడా లేదు. అందుకే దాన్ని నేను రెండోసారి చూడలేదు.

తేడా ఆ వాక్యంలో లేదు. ఖాళీలను ఎక్కడ పెట్టాలని మేం పాతదానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోయినా అది పైన పెట్టేది, దాని అలవాటు అది. కొత్తదాని అలవాటు ఖాళీలను అడుగున పెట్టడం. ఇరవై నాలుగు వరసల బోర్డు మీద నలభై ఆరోది కనిపించదు. మనం అడిగినవాటికి సమానమైన మాటలు వెతుక్కోవచ్చు. అడక్కుండా అది చేసిపెడుతూ వచ్చిన పనికి ఏ మాట పెట్టి వెతకాలి? దాని పేరు పట్టికలో ఏ వైపు ఉంటుంది?

నా పరీక్షలో పది పేర్లే ఉన్నాయి. అన్నీ ఒకే తెర మీద పట్టాయి. ఖాళీ ఖాళీగా వచ్చిందా అని చూశాను. ఎక్కడ వచ్చిందో చూడలేదు. మూడు ఖాళీలూ అడుగునే ఉన్నాయి, నా కళ్ల ముందే.

దీనికి మందు రెండు మాటలు. కమాండ్ చివర 'నల్స్ ఫస్ట్' అని పెడితే చాలు. ఖాళీలు ముందు అని అర్థం. కొత్తదాంట్లో ఆ మాటలు ఉన్నాయి. పాతదాంట్లో అవసరమే రాలేదు.

మే 20

నిరంజన్ గారి ఫోన్.

"స్వరూప గారూ, ముందుగా జరిగినదానికి మా విభాగం తరఫున..."

"అది తర్వాత సార్. బోర్డు కమాండ్ చివర రెండు మాటలు పెట్టాలె. నాకు అనుమతియ్యండి, లేకుంటే మీరే పెట్టండి. ఇప్పుడే."

"మార్పు పత్రం పెట్టండి. కమిటీ నెలకు ఒకసారి కూర్చుంటుందండి."

"రేపు పొద్దుగాల మనుషులు పైకి పోతరు సార్."

"అర్థమవుతోంది. కానీ ఒక గనికి మారిస్తే పదకొండింటికీ మార్చాలి. పరీక్షించాలి. మీరు ఆ రోజు 00:00 ఒప్పుకుని ఉంటే ఈ సమస్యే వచ్చేది కాదు కదండీ."

నిజమే. సున్నా పెట్టి ఉంటే ఓదెలు పేరు పై వరసలో ఉండేది. కాకకు చదువు రాకపోయినా, పై వరసలో సున్నాలు కనబడితే బయట మనిషి ఉన్నాడని ఒక్క పూటలో నేర్పేదాన్ని. నేను పట్టుబట్టిన ఖాళీయే అతన్ని అడుక్కి తోసింది. ఆ మాట ఆయన అనకముందే ముప్పై గంటలుగా నాకు నేను అనుకుంటున్నాను. అందుకే అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను, ఆయన దగ్గర రికార్డు ఉంటుంది.

ఇప్పుడు తలుపు దగ్గర రాజవ్వ నిలబడి నోటితో లెక్క పెడుతోంది. వెళ్లేటప్పుడు నలభై ఐదు. వచ్చేటప్పుడు నలభై ఐదు.

మే 22

రిపోర్టు వచ్చింది. మొత్తం నాలుగు పేజీలు.

మస్టర్ ప్రకారం ఓదెలు 8:12కి లోపలికి వచ్చాడు. ఆ తర్వాత నమోదు లేకుండా మళ్లీ బయటికి వెళ్లాడు. తలుపు కాపలాదారు పోశాలు నిర్లక్ష్యం వల్ల అది సాధ్యమైంది. పైగా, బయట ఎవరూ లేరని మస్టర్ చూపిస్తుండగా నిషేధ సమయంలో ఇరవై ఐదు నిమిషాలు తలుపు తెరిచి మొదటి గ్యాలరీని నాలుగు డిగ్రీలు వేడెక్కించాడు. శిక్ష: నాలుగో గని మస్టర్ నుంచి పేరు తొలగింపు. మే 27 పొద్దున, గనుల మధ్య తిరిగే ఐదు గంటల బండికి అతన్ని ఎక్కించాలి. ఎక్కడికో రాయలేదు. ఏ గని మస్టర్‌లోనూ పేరు లేనివాణ్ని ఏ గని దింపుకుంటుంది?

8:12 అని చదవగానే మస్టర్ తెరిచాను. నిజంగానే ఉంది. 18న మధ్యాహ్నం నా కళ్లతో చూసిన ఖాళీలో 8:12 ఉంది.

కాక దగ్గరికి వెళ్లాను. రెండు చేతులకూ కట్లు. రాజవ్వ చెంచాతో జావ తాగిస్తోంది.

"కాకా, వాని గడి నింపిన్రు."

"ఎవరు?"

"తెలువది."

"నేను వేసినప్పుడు పై వరస నిండే ఉంది బిడ్డా. నా కండ్లు మంచిగనే ఉన్నయి." ఆయనకు ఇంకా అదే బాధ. తను సరిగ్గా చూడలేదేమోనని. బోర్డు తిరగబడిందని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపుతాడు, మళ్లీ అదే అడుగుతాడు.

"బండెక్కితే ఏడికి పోతవ్ కాకా?"

"పైన ఏదో నీడ ఉండకపోతదా," అన్నాడు.

రాజవ్వ చెంచా గిన్నెలో పడేసింది. "నోరు మూసుకుని తాగు."

మే 24

మొన్నటి నుంచి గోడ ముందే ఉన్నాను. పట్టికలో ఎడమవైపు ఏమీ లేని వరసలు కొన్ని ఉన్నాయి. పాతదాంట్లో సమానం లేనివి. నాకు పనికిరావని మొదట్లోనే దాటేశాను. ఇవాళ అవే చదివాను. 187వ వరస: మార్పుల చరిత్ర.

పాతదాంట్లో గడి మారితే మారినట్టే, ముందు ఏముందో ఎవరికీ తెలియదు. కొత్తదాంట్లో కేంద్రం వాళ్లు ప్రతి మార్పునూ రాసిపెట్టే ఏర్పాటు పెట్టారు. ముందు ఏముంది, తర్వాత ఏమైంది, ఎవరు మార్చారు, ఎప్పుడు. నా అనుమతితో దాన్ని చూడొచ్చు. వాళ్లు పంపిన పద్ధతి ప్రకారమే అడిగాను, అది చెప్పింది.

18వ తేదీన నలభై ఐదు గడులు ఖాళీ నుంచి టైముకు మారాయి. నలభై ఐదింటి పక్కనా మార్చినవారు 'గేటు' అని ఉంది. అంటే బొటనవేలు పడింది. నలభై ఆరోది ఓదెలుది. ముందు: ఖాళీ. తర్వాత: 8:12. మార్చినవారు: 'కేంద్రం-3'. మార్చిన వేళ: సాయంత్రం 4:05.

నాలుగు గంటలకు ఓదెలు డాక్టరమ్మ బల్ల మీద ఉన్నాడు.

రోజు ముగింపు లెక్క దానంతట అది నడుస్తుందేమో, ఖాళీలను అదే నింపుతుందేమో అని కూడా చూశాను. వాళ్లమీద ఊరికే నింద వేయకూడదు కదా. ముగింపు లెక్క రోజూ ఆరింటికి నడుస్తుంది. 4:05కి ఏదీ నడవదు. ఎవరో కూర్చుని, వేళ్లతో, ఎనిమిది, పన్నెండు కొట్టారు.

నిరంజన్ గారికి ఫోన్ చేశాను.

"కేంద్రం-3 ఎవరు సార్?"

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది.

"అది... ఒక మనిషిది కాదండి. విభాగం మొత్తానిది. చాలామంది వాడతారు."

"18న నాలుగింటికి ఎవరు వాడిన్రు?"

"స్వరూప గారూ, ఖాళీ ఉంటే రిపోర్టు ముందుకు కదలదండి. సాధారణంగా... తలుపు వేసిన టైముకు కాస్త ముందుది పెడతారు. చెడు ఉద్దేశంతో కాదు."

"మీరేనా సార్?"

ఆయన కాదనలేదు. నేనే ఫోన్ పెట్టేశాను.

మే 25

ఇవాళ పొద్దున తలుపు దగ్గర అందరినీ కూర్చోబెట్టి మార్పుల చరిత్ర చదివి వినిపించాను. రాజవ్వ ఒక్కమాట అంది: "మా తాతకు చేసిందే వానికి గూడ చేసిన్రు." 27న ఏం చేయాలో అందరం కలిసి అనుకున్నాం. నలభై ఐదుగురూ పైకి వెళ్లారు, వచ్చారు. నోటితోనే లెక్క.

8:25కి ఫోన్ మోగలేదు. ఆ వేళకు చేయి ఇంకా దాని వైపు వెళ్తోంది. ఈ గదిలో నా తప్పు కూడా నాతోనే ఉంది, దాన్ని ఎవరి మీదా వేయను. పది పేర్లతో పరీక్షించింది నేను. పత్రం పెట్టనిది నేను. విచారణ చేయాలనుకుంటే నన్ను చేయండి, నా పేరు ఏ గని మస్టర్ నుంచి తీసేస్తారో తీసేయండి. కానీ పోశాలు కాక చేసిన తప్పు ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి చూద్దాం, ఆ 8:12 లేకుండా. రాయలేరు. ఆ అంకె తీసేస్తే ఆయన చేసింది ఒకటే మిగులుతుంది: బయట మనిషి ఉన్నాడని తెలిసి తలుపు తీశాడు. మీ రూలే చెబుతుంది, బయట మనిషి ఉంటే తలుపు ఏ వేళలోనైనా తీయవచ్చని.

కాబట్టి ఆ గడిలోంచి 8:12 తీసేయండి. దాంట్లో ఇంకేమీ పెట్టవద్దు. సున్నా వద్దు, చనిపోయాడన్న గుర్తు వద్దు, నక్షత్రం వద్దు. ఓదెలు బయటికి వెళ్లాడు, తన కాళ్ల మీద తిరిగి రాలేదు. ఆ గడి ఖాళీగా ఉంటేనే అది నిజం చెబుతుంది. మీ రోజు ముగింపు లెక్క దానివల్ల ఆగిపోతే ఆగనివ్వండి. పోశాలు కాక పేరు మస్టర్‌లో ఉంచండి, తలుపు ఆయనకే ఉంచండి, చేతులు మానేదాకా పక్కన ఒక మనిషిని ఇవ్వండి. పదకొండు గనుల బోర్డులకూ ఆ రెండు మాటలు కలపండి. మిగతా పది గనుల్లో తలుపు మనుషులు ఏ వరస చూసి తలుపు వేస్తున్నారో మీరు అడిగారా? నేను అడిగాను. ఆరు గనుల్లో పై వరసే.

పైకి వెళ్లేవాళ్లు ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. మా గనిలో ఇంకా ముగ్గురు జోడీ లేనివాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లతో పత్రం దీనికి జతచేశాను. ఈసారి పెట్టాను.

మే 18 సాయంత్రం 4:05కి కేంద్రం-3గా కూర్చున్నది ఎవరో పేరు రాయండి. విభాగం పేరు కాదు, మనిషి పేరు. జవాబు ఫోన్‌లో వద్దు, రాతలో, కింద సంతకంతో రావాలి.

మే 27 పొద్దున నాలుగున్నరకు మా తలుపు తెరుచుకునే వేళ. అప్పటికి జవాబు నా చేతిలో లేకపోతే తలుపు తెరుచుకుంటుంది, అనుకున్నట్టే నలభై ఐదుగురూ, నేనూ గడపలో కూర్చుంటాం, ఒక్క పలకా తుడవం. ఐదు గంటల బండి మామీదుగా పోవాలి. పదకొండు గనుల ఫ్యాన్లు ఎన్నాళ్లు తిరుగుతాయో మీ పట్టికల్లో ఉండే ఉంటుంది, చూసుకోండి.

మే 27, పొద్దున నాలుగున్నర. ఆ తర్వాత వచ్చిన జవాబు తీసుకోం.

స్వరూప,
మస్టర్ గది, నాలుగో గని